హెడ్డు కోసే ముందు ఒక లెక్క

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. కానీ నాకు చేతనైనవి రెండే. ఒకటి ఫిజిక్సు, రెండోది స్పానరు పట్టడం. అందుకే ఆ రెండూ కలిసిన ఒక విషయం రాస్తున్నాను. బండి ఇంజన్‌లో కంప్రెషన్ పెంచడం ఎలా, ఎంతవరకు, ఎందుకు? ఇదే విషయం.

మా నాన్న రాణిగంజ్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదలు. మన హాస్టల్‌లో ఉన్న రోజుల నుంచీ సెలవుల్లో రాణిగంజ్ వెనక సందులో ఒక షెడ్డులో పని చేస్తూ వస్తున్నాను. స్పేర్ పార్టుల దుకాణాలు, బేరింగుల దుకాణాలు, లేతు మిషన్ల మధ్య పెరిగినవాడికి బండ్ల మీద మోజు ఉండటంలో వింతేముంది? పైగా సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరు. బుల్లెట్ శబ్దం మనకు కొత్త కాదు.

పోయిన ఏడాది మే నెలలో మా షెడ్డుకు ఒక 350 సీసీ బుల్లెట్ వచ్చింది. కార్బొరేటర్ మోడల్. ఓనరుకు పికప్ కావాలి. మా ఉస్తాద్ హెడ్డు దింపి లేతు మీద అర సూత్ కోయించాడు. అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు. పాత ప్యాకింగు తీసేసి పలచటిది వేశాడు. పుష్ రాడ్లు ఆ మేరకు కురచ చేయించాడు. బిగించేటప్పుడు పక్కన ఉండి స్పానర్లు అందించింది నేనే. మొదటి రోజు బండి బాణంలా పోయింది. పదకొండో రోజు శ్రీశైలం ఘాట్‌లో, వెనక మనిషిని ఎక్కించుకుని ఎక్కుతుండగా ఆగిపోయింది. విప్పి చూస్తే పిస్టను నడినెత్తిన పప్పుగింజంత రంధ్రం!

రిపేరుకు 14,000 రూపాయలు అయింది. అంతా ఉస్తాద్ తన జేబులోంచే పెట్టుకున్నాడు. నన్ను తిట్టలేదు. ఒక్క మాట మాత్రం అన్నాడు. "నువ్వు సదువుకున్నోనివి గద బిడ్డా! తప్పైతదని ఒక్క మాట చెప్పొద్దా?"

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎందుకంటే ఆ తప్పు పట్టుకోవడానికి కావలసిన ఫార్ములా నేను ఇంటర్‌లోనే చదివాను. 'స్థిరోష్ణక ప్రక్రియ' అనే పాఠం గుర్తుందా? దాన్ని బట్టీ పట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది పుస్తకంలో ఉంది, ఇంజను షెడ్డులో ఉంది. రెండింటినీ కలపాలని మాత్రం నాకు తోచలేదు.

అసలు కంప్రెషన్ అంటే ఏమిటి?

పిస్టను కింది నుంచి పైదాకా వెళ్ళేటప్పుడు తోసే ఖాళీని మనం సీసీ అంటాం. ఆ బుల్లెట్ ఇంజన్ బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. లెక్క వేస్తే 346 సీసీ వస్తుంది. పిస్టను పూర్తిగా పైకి చేరాక కూడా హెడ్డులో కొంత ఖాళీ మిగులుతుంది. గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం మొత్తం అందులోకే కుక్కబడుతుంది. మొత్తం ఖాళీని ఈ మిగిలిన ఖాళీతో భాగిస్తే వచ్చేదే సంపీడన నిష్పత్తి, అంటే కంప్రెషన్ రేషియో.

ఈ ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన నిష్పత్తి 8.5:1. అంటే పైన మిగిలే ఖాళీ, 346ను 7.5తో భాగిస్తే, సుమారు 46 సీసీ. చిన్న టీ గ్లాసులో సగం అనుకోండి. మన కథంతా ఈ సగం గ్లాసు చుట్టే తిరుగుతుంది.

పెంచితే ఏమొస్తుంది?

మిశ్రమాన్ని ఎంత గట్టిగా నొక్కి మండిస్తే, మండిన వాయువు అంత ఎక్కువ వ్యాకోచించి పిస్టనును తోస్తుంది. అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని దొరుకుతుంది. ఆటో చక్రం ప్రకారం ఆదర్శ ఉష్ణ దక్షత నిష్పత్తి 8.5 దగ్గర 57.5 శాతం, 9.5 దగ్గర 59.4 శాతం, 10.5 దగ్గర 61 శాతం. నిజమైన ఇంజన్‌లో వేడి గోడల్లోకి, సైలెన్సర్‌లోకి పోతుంది కాబట్టి ఇందులో సగం కాస్త అటూ ఇటూగా మాత్రమే దక్కుతుంది. కానీ పోల్చి చూడటానికి ఈ అంకెలు చాలు.

గమనించండి. 8.5 నుంచి 9.5కు పెంచితే లాభం సుమారు 3 శాతం. 9.5 నుంచి 10.5కు పోతే ఇంకా తక్కువ. పెంచేకొద్దీ లాభం తగ్గుతూ పోతుంది. ఆ బుల్లెట్ శక్తి 19.8 హార్స్ పవర్. దాని మీద 3 శాతం అంటే 0.6. ముప్పావు గుర్రం కూడా కాదు! మొదటి రోజు బాణంలా పోయిందని మేము మురిసిపోయింది ఇంత కొంచెం కోసమే. శబ్దం మారితే మనసు పికప్ పెరిగిందనుకుంటుంది.

మరి నష్టం ఎక్కడుంది?

సైకిల్ పంపుతో గబగబా గాలి కొట్టి పంపు అడుగు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది కదా! వాయువును వేగంగా నొక్కితే వేడెక్కుతుంది. స్థిరోష్ణక ప్రక్రియ అంటే ఇదే. కెల్విన్‌లలో మొదటి ఉష్ణోగ్రతను సంపీడన నిష్పత్తి 0.4వ ఘాతంతో గుణిస్తే చివరి ఉష్ణోగ్రత వస్తుంది.

మే నెల మధ్యాహ్నం గాలి 40 డిగ్రీలు, అంటే 313 కెల్విన్‌లు. 8.5 నిష్పత్తికి నొక్కితే 737 కెల్విన్‌లు, అంటే 464 డిగ్రీల సెంటీగ్రేడు. నిష్పత్తి 10 అయితే 513 డిగ్రీలు. పెట్రోలు ఆవిరవుతూ కొంత చల్లబరుస్తుంది కాబట్టి అసలు వేడి ఇంతకంటే తక్కువే ఉంటుంది. కానీ పెరుగుదల మాత్రం ఇదే దారిలో నడుస్తుంది.

ఇప్పుడు ప్లగ్గు నిప్పు వేసిందనుకోండి. మంట ప్లగ్గు దగ్గర పుట్టి మిగతా మిశ్రమం వైపు పాకుతుంది. మండిన భాగం ఉబ్బి, ఇంకా మండని చివరి మిశ్రమాన్ని మరింత నొక్కుతుంది. ఆ చివరి మిశ్రమం మరీ వేడెక్కితే మంట తనదాకా వచ్చేవరకు ఆగదు. తనంతట తాను ఒక్కసారిగా భగ్గుమంటుంది. అదే నాకింగ్. రేకు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు వినిపిస్తుంది.

పిస్టను అల్యూమినియం మిశ్రలోహం. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మండే వాయువేమో 2,000 డిగ్రీలు దాటుతుంది. మరి మామూలుగా పిస్టను ఎందుకు కరగదు? దాని నెత్తిని అంటిపెట్టుకుని ఒక పలచటి చల్లని వాయువు పొర కాపాడుతుంది కాబట్టి. నాకింగ్ తాలూకు పీడన తరంగాలు ఆ పొరను చెరిపేస్తాయి. పిస్టను, ప్లగ్గు కొన వేడెక్కిపోతాయి. ఎర్రగా కాలిన ప్లగ్గు కొన ఇక నిప్పు కోసం ఆగదు. సమయానికి ముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. అక్కడి నుంచి రంధ్రం పడటానికి ఎంతో సేపు పట్టదు. శ్రీశైలం ఘాట్‌లో జరిగింది ఇదే.

పెట్రోలు సంగతి

నాకింగ్ అనేది ఇంధనం గుణం మీద ఆధారపడుతుందని మొదట గట్టిగా పట్టుకున్నవారిలో ఇంగ్లండు ఇంజనీరు హ్యారీ రికార్డో ఒకరు. కంప్రెషన్ మార్చుకునే వీలున్న ఇంజను కట్టి మరీ ఇంధనాలను పరీక్షించాడు. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ పెట్రోల్లో సీసపు సమ్మేళనం కొంచెం కలిపితే నాకింగ్ ఆగుతుందని కనిపెట్టాడు. దాంతో ప్రపంచమంతా కంప్రెషన్లు పెరిగాయి. కానీ ఆ సీసం పొగలో కలిసి పిల్లల మెదళ్ళకు చేటు చేసింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి అన్నిచోట్లా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు.

నాకింగ్‌ను తట్టుకునే శక్తిని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారు. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు సున్నా. మిగతావి వీటితో పోల్చి చెబుతారు. బీఎస్-6 ప్రమాణంలో మామూలు పెట్రోలుకు కనీసం 91 ఉండాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు ఈ సంఖ్య 95. అయితే సంబరపడకండి. లీటరు ఇథనాల్లో లీటరు పెట్రోలు కంటే శక్తి మూడో వంతు తక్కువ. అది మండటానికి గాలి కూడా తక్కువే కావాలి. అందుచేత పాత జెట్టుతోనే ఉన్న కార్బొరేటర్ బండిలో ఈ పెట్రోలు పోస్తే మిశ్రమం పలచబడుతుంది. పలచటి మిశ్రమం బరువు మోస్తున్నప్పుడు ఇంజన్‌ను కాలుస్తుంది. ఒక చేత్తో ఆక్టేన్ ఇచ్చి ఇంకో చేత్తో వేడి ఇస్తుందన్నమాట.

మన ఊరి ఎండ ఒక పాయింటు కంటే ఎక్కువే

ఇది నేను లెక్క వేసి ఆశ్చర్యపోయిన సంగతి. డిసెంబరు ఉదయం గాలి 20 డిగ్రీలు ఉన్నప్పుడు 8.5 నిష్పత్తికి నొక్కితే 417 డిగ్రీలు వస్తుంది. మే మధ్యాహ్నం అదే ఇంజన్‌లో 464. తేడా 47 డిగ్రీలు. అదే మే నెలలో కంప్రెషన్‌ను 8.5 నుంచి 9.5కు పెంచితే పెరిగేది 33 డిగ్రీలే. అంటే డిసెంబరులో ఊరికే ఉన్న బండి మే నెలకు తనంతట తానే ఒక పాయింటుకు మించి పెంచుకున్నంత పని అవుతుంది! కాబట్టి చలికాలంలో బాగా నడిచిందని సంతృప్తి పడకూడదు. ఎండాకాలం లెక్కే అసలు లెక్క.

ఇంకొకటి. సికింద్రాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్ర తీరం కంటే దాదాపు 6 శాతం తక్కువ. ఇక్కడ నాకింగ్ అంచున సరిపోయిన ఇంజన్‌ను చెన్నై రేసు ట్రాకుకు తీసుకెళితే అక్కడ ఎక్కువ గాలి నిండి గోలీల చప్పుడు మొదలుకావచ్చు.

లెక్క ఎలా వేయాలి?

కావలసింది ఒక బ్యూరెట్టు. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్‌కు వాడామే, అదే! లేదా మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజీ చాలు.

ఒకటి. ఇంజను బిగించి ఉండగానే పిస్టనును కంప్రెషన్ స్ట్రోకులో పూర్తిగా పైకి తేవాలి. రెండు వాల్వులూ మూసి ఉండాలి.

రెండు. ప్లగ్గు రంధ్రం అన్నిటికన్నా పైకి వచ్చేలా ఇంజన్‌ను వంచాలి. రెండు ప్లగ్గులుంటే రెండోది బిగించే ఉంచాలి.

మూడు. పలచటి ఆయిలును కొలుస్తూ, బుడగలు పోనిస్తూ, ప్లగ్గు మరల అడుగు దాకా నింపాలి. ఎన్ని సీసీలు పట్టిందో అదే పైన మిగిలిన ఖాళీ. రింగుల నుంచి జారకముందే త్వరగా చూసుకోవాలి.

నాలుగు. ఆ ఆయిలంతా తీసేదాకా కిక్కు కొట్టకూడదు. ద్రవం నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

ఇక మేము చేసిన పనిని లెక్కలో పెడదాం. 70 మి.మీ. బోరు వైశాల్యం 38.5 చదరపు సెంటీమీటర్లు. అంటే ఎత్తులో ప్రతి మిల్లీమీటరుకు 3.85 సీసీ తగ్గుతుంది. హెడ్డులో 1.6, ప్యాకింగులో 0.4, మొత్తం 2 మి.మీ. తగ్గించాం. దాదాపు 7.7 సీసీ పోయింది. 46.1లో 7.7 పోతే 38.4. దాంతో 346ను భాగించి ఒకటి కలిపితే నిష్పత్తి 10! "అర సూతే కదా" అనుకున్న కోత ఒకటిన్నర పాయింటు పెంచేసింది. ఈ లెక్క నోటు పుస్తకంలో నాలుగు వరుసలు. అయిదు నిమిషాలు కూడా పట్టదు.

పెంచే దారులు, వాటి వెంట వచ్చేవి

హెడ్డు కోయవచ్చు, ప్యాకింగు పలచన చేయవచ్చు, బ్లాకు అడుగు కోయవచ్చు, నెత్తి ఎత్తుగా ఉన్న పిస్టను వేయవచ్చు. బోరింగు చేయించి పెద్ద సైజు పిస్టను వేసినా కొంత పెరుగుతుంది. ఇదే ఇంజన్‌లో 1 మి.మీ. పెద్ద బోరు వేస్తే 356 సీసీ అవుతుంది. హెడ్డు ఖాళీ అదే కాబట్టి నిష్పత్తి సుమారు 8.7కు చేరుతుంది. ఏ దారి పట్టినా ఈ నాలుగూ చూడాలి.

మొదటిది, వాల్వులు పిస్టనును తాకకూడదు. పిస్టను నెత్తిన మెత్తని మైనపు మట్టి పెట్టి, హెడ్డు బిగించి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పి విప్పితే మట్టి మీద వాల్వు అచ్చు పడుతుంది. అక్కడ మందం కొలవాలి. రెండోది, పుష్ రాడ్ల పొడవు. హెడ్డు కిందికి దిగితే అవి పొడవైపోయి వాల్వులను పూర్తిగా మూయనివ్వవు. మూడోది, జెట్టు. నాలుగోది, ప్లగ్గు, టైమింగ్. కంప్రెషన్ పెరిగితే మంట వేగంగా పాకుతుంది కాబట్టి నిప్పు కాస్త ఆలస్యంగా వేయాలి, కాస్త చల్లగా ఉండే రకం ప్లగ్గు వేయాలి. మేము ఈ నాలుగింటిలో పుష్ రాడ్లు తప్ప ఏదీ ముట్టుకోలేదు.

ఆర్ఎక్స్ 100 ఉన్న అన్నలకు ఒక మాట. అది టూ స్ట్రోకు. ఎగ్జాస్టు పోర్టు మూసుకున్నాకే అక్కడ నొక్కడం మొదలవుతుంది. కాబట్టి పై లెక్క అలాగే దానికి వాడకండి.

కంపెనీ ఎలా పెంచింది?

మేము వెళ్దామనుకున్న దారిలోనే కంపెనీ కూడా వెళ్ళింది. 2020లో మీటియర్‌తో మొదలుపెట్టి, 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్‌కు రాయల్ ఎన్‌ఫీల్డ్ కొత్త ఇంజను పెట్టింది. బోరు 72, స్ట్రోకు 85.8, 349 సీసీ. కంప్రెషన్ 9.5:1. సరిగ్గా ఒక పాయింటు! కానీ వాళ్ళు హెడ్డు గీకి ఊరుకోలేదు. పుష్ రాడ్లు తీసేసి క్యామ్‌ను హెడ్డులోనే పెట్టారు. కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంత చేసినా శక్తి ఎంతో తెలుసా? 20.2 హార్స్ పవర్. పాతదానికీ దీనికీ తేడా 0.4. ఒక్క కంప్రెషన్‌తోనే గుర్రాలు కుప్పలుగా రాలవని దీన్నిబట్టే అర్థమవుతుంది. గాలి ఎక్కువ తీసుకునే హెడ్డు, క్యామ్, తిరిగే వేగం కూడా తోడైతేనే రేసు ఇంజను అవుతుంది.

రేసు బండి వేరు, రోడ్డు బండి వేరు అని కూడా మరువకండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది.

తర్వాత ఏం జరిగింది?

ఆ బుల్లెట్‌ను మళ్ళీ కట్టేటప్పుడు ఉస్తాద్ నా చేతికి స్పానరు ఇవ్వలేదు. ఒక పాత అట్టముక్క, పెన్సిలు ఇచ్చాడు. "నువ్ లెక్క చెప్పు, నేను కోస్త" అన్నాడు.

టైమింగ్ ఆ బండిలో ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయిస్తుంది, మనం తేలిగ్గా జరపలేం. ఎండ మన చేతిలో లేదు. అందుకని 9 దగ్గర ఆగుదామన్నాను. 9 కావాలంటే ఖాళీ సుమారు 43.3 సీసీ ఉండాలి. మా దగ్గర 38.4 ఉంది. అంటే దాదాపు 5 సీసీ తిరిగి ఇవ్వాలి. 5ను 3.85తో భాగిస్తే 1.3. బ్లాకు అడుగున 1.3 మి.మీ. అల్యూమినియం పలక చేయించి వేశాం. హెడ్డు అసలు ఎత్తు కంటే 0.7 మి.మీ. మాత్రమే కిందికి ఉంది కాబట్టి కొత్త పుష్ రాడ్లు తెచ్చి అంతే తగ్గించాం. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాం. బిగించాక సిరంజీతో కొలిస్తే 43 సీసీ దాటింది. ఉస్తాద్ రెండుసార్లు కొలిపించి అప్పుడు నవ్వాడు.

ఆ బండి ఈ ఎండాకాలం కూడా దాటింది. ఓనరు మళ్ళీ మా షెడ్డుకే వస్తున్నాడు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మనలో చాలామంది అమ్మానాన్నలు చేతి పని చేసేవాళ్ళే. బడిలో నేర్చుకున్నది ఇంట్లో చెబితే "నీకేం తెలుసు" అంటారేమోనని భయపడతాం. పని చోట పెద్దవాళ్ళ అనుభవం ముందు నోరు మెదపం. నేను కూడా మెదపలేదు. గౌరవం అనుకున్నాను. కానీ నా మౌనం ఖరీదు మా ఉస్తాద్‌కు 14,000 రూపాయలు. ఆయన చేతికి ఉన్న నేర్పు నాకు ఈ జన్మకు రాదు. ఆ నేర్పు పక్కన నా నాలుగు వరుసల లెక్క ఉండి ఉంటే ఆ పిస్టను బతికేది.

ఈసారి మీ నాన్న మోటారుకు వైరు వేస్తున్నా, మీ అమ్మ పొలానికి మందు కలుపుతున్నా, మీ అన్న బండి హెడ్డు దింపుతున్నా పక్కన కూర్చోండి. మీ నోటు పుస్తకం తెరవండి. లెక్క వేసి, మర్యాదగా, గట్టిగా చెప్పండి.



మీ పూర్వ విద్యార్థి,
ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండవ సంవత్సరం, సికింద్రాబాద్.